సరిహద్దు ఇంటికి ప్రథమ చికిత్స

2025 మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ఆ రాత్రే పాకిస్థాన్ ఫిరంగులు పూంచ్ పట్టణం మీదికి తిరిగాయి. గురుద్వారా, పాఠశాల, బజారు, ఇళ్లు అనే తేడా లేకుండా గుండ్లు పడ్డాయి. చిన్నపిల్లలతో సహా పదిమందికి పైగా పౌరులు ప్రాణాలు కోల్పోయారు. పట్టణంలో చాలామంది చేతికి అందిన సామాను పట్టుకొని జమ్మూ వైపు వెళ్లిపోయారు. మే 10 సాయంత్రం కాల్పులు ఆగాయి.

ఆ నాలుగు రోజుల గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. బ్రహ్మోస్, రాఫెల్, ఎస్-400, డ్రోన్లు అన్నీ చర్చకు వచ్చాయి. అవి అవసరమైన చర్చలే. అయితే సరిహద్దులో ఏళ్ల తరబడి పనిచేసిన వాడిగా నాకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. కాల్పులు ఆగిన మర్నాడు ఇంటికి తిరిగొచ్చిన కుటుంబం ముందు ఏముంటుంది? చాలా ఇళ్లలో గోడలు నిలిచే ఉంటాయి. కిటికీలకు అద్దాలు ఉండవు. తలుపు ద్వారబంధంతో సహా ఊడి పడి ఉంటుంది. ఆ ఇంట్లో ఆ రాత్రి పడుకోవాలా, మళ్లీ వెళ్లిపోవాలా? ఆ నిర్ణయానికి దేశ భద్రతతో నేరుగా సంబంధం ఉంది.

దీనికి ముందు పేలుడు ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పుకోవాలి. ఫిరంగి గుండు పేలినప్పుడు తునకలతో పాటు గాలి ఒత్తిడి తరంగం కూడా వెలువడుతుంది. చదరపు అంగుళానికి అర పౌండు నుంచి ఒక పౌండు అదనపు ఒత్తిడి చాలు, మామూలు కిటికీ అద్దాలు పగిలిపోతాయి. ఇటుక గోడ కూలాలంటే అంతకు కొన్ని రెట్లు కావాలి. కాబట్టి ఒక గుండు ఒక ఇంటిని కూల్చితే, దాని చుట్టూ ఉన్న పదుల ఇళ్లలో కిటికీలూ తలుపులూ పోతాయి. ఆ పగిలిన గాజే మనుషులను గాయపరుస్తుంది. 2013 ఫిబ్రవరిలో రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగరం పైన ఉల్క పేలినప్పుడు ఒక్కరూ చనిపోలేదు, కానీ సుమారు 1,500 మంది చికిత్సకు వెళ్లారు. వారిలో ఎక్కువమందివి గాజు గాయాలే.

అంటే ఏ దాడిలోనైనా పూర్తిగా కూలిన ఇళ్లు తక్కువ, నిలిచి ఉండి వాసయోగ్యం కాని ఇళ్లు ఎక్కువ. మన సహాయ వ్యవస్థ మాత్రం కూలిన ఇంటిని చూస్తుంది, కన్నాలు పడిన ఇంటిని చూడదు. ప్రకృతి విపత్తులకు వర్తించే రాష్ట్ర విపత్తు సహాయ నిధి నిబంధనలు చూడండి. 2022 నుంచి 2026 వరకు అమలుకు ఖరారు చేసిన వాటి ప్రకారం, పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు. అదీ నష్టం కనీసం 15 శాతం ఉంటేనే. నాలుగు కిటికీలూ ఒక తలుపూ పోయిన ఇంటికి 15 శాతం నష్టం జరిగిందని ఏ ఇంజినీరు రాస్తాడు? ఫిరంగి దాడులకు సహాయం వేరే పద్దు కింద వస్తుంది. అక్కడా కొలతలు తీసే సిబ్బంది వారే, అలవాటైన లెక్కా అదే.

సహాయం అసలు రాలేదని నేను అనడం లేదు. 2025 జూన్ 6న కాట్రాలో ప్రధాని నరేంద్ర మోదీ, సరిహద్దు కాల్పుల్లో తీవ్రంగా దెబ్బతిన్న ఇళ్లకు రెండు లక్షలు, పాక్షికంగా దెబ్బతిన్న వాటికి లక్ష రూపాయలు అదనంగా ప్రకటించారు. మంచి నిర్ణయం. కాని కాల్పులు ఆగిన రోజుకూ ఆ ప్రకటనకూ మధ్య దాదాపు నాలుగు వారాలు గడిచాయి. డబ్బు చేతికి రావడానికి ఇంకా సమయం పడుతుంది. నేను మాట్లాడుతున్నది మొదటి నలభై ఎనిమిది గంటల గురించి.

ఆ గంటల విలువ నాకు ఒక ముసలాయన నేర్పాడు. నేను కంపెనీ కమాండర్‌గా ఉన్న రోజుల్లో నియంత్రణ రేఖకు దగ్గరలోని ఒక గ్రామం మీద మోర్టార్ గుండ్లు పడ్డాయి. ఊరిని ఖాళీ చేయిస్తున్నాం. ఒక ముసలాయన మాత్రం కదలనన్నాడు. భుజానికి గాయమై రక్తం కారుతోంది. "సాబ్, తలుపు లేదు. ఇల్లు ఇలా వదిలేసి ఎలా రాను?" అన్నాడు. లోపల మొక్కజొన్న గింజలు, రెండు పెట్టెలు, కూతురి పెళ్లికి దాచిన పరుపులు ఉన్నాయి. మందుగుండు పెట్టెల పలకలు, ఒక పాత రేకు, గుప్పెడు మేకులు తెప్పించాను. మా జవాన్లు అరగంటలో ఆ వాకిలి మూసేశారు. ఆయన రేకును చేత్తో ఒకసారి నెట్టి చూసి, వచ్చి ఆంబులెన్స్ ఎక్కాడు. అరగంట సేపు నేను చెప్పిన మాటలు చేయలేని పని ఆ రేకు చేసింది.

ఇంకో తలుపు కూడా గుర్తుంది. అది మేము పగలగొట్టింది. ఉగ్రవాదులు ఉన్నారన్న సమాచారంతో ఒక రాత్రి ఊరిని చుట్టుముట్టి గాలించాం. తాళం వేసి ఉన్న ఒక ఇంటి తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్లాం. ఎవరూ లేరు. తెల్లవారగానే తిరిగి వచ్చేశాం. వారం తర్వాత అటు వెళ్తే ఆ ఇల్లు అలాగే నోరు తెరుచుకొని ఉంది. లోపల ఒక్క గిన్నె మిగల్లేదు. ఎవరు తీసుకెళ్లారో తెలియదు, కానీ ఊరి లెక్కలో ఆ దొంగతనం మాదే. తర్వాత చాలాకాలం ఆ ఊరి నుంచి మాకు ఒక్క సమాచారం రాలేదు. తలుపు ఎలా బద్దలుకొట్టాలో శిక్షణలో మాకు చక్కగా నేర్పారు. బయటికి వచ్చేటప్పుడు దాన్ని మూయాలన్నది నాకు నేనుగా తట్టి ఉండాల్సింది, తట్టలేదు. ఆ తర్వాత గాలింపుకు వెళ్లిన ప్రతిసారీ ఒక సెక్షన్ దగ్గర సుత్తి, మేకులు, నాలుగు పలకలు ఉండేలా చూశాను.

ఈ రెండు సంఘటనల్లోనూ ఒకే పాఠం ఉంది. సరిహద్దు గ్రామాల్లోని జనం మన రక్షణ వ్యవస్థలో భాగం. కొత్త మనిషి కనబడితే మొదట గుర్తించేది గొర్రెల కాపరి. 1965లో చొరబాటుదారుల గురించి మొదట కబురు చెప్పింది అలాంటి స్థానికులే. 1999లో కార్గిల్ కొండల మీద కూడా అదే జరిగింది. ఊరు ఖాళీ అయితే ఆ కళ్లు ఉండవు. పైగా తెరిచి ఉన్న ప్రతి ఖాళీ ఇల్లూ చొరబాటుదారుడికి ఒక రాత్రి మజిలీ కాగలదు. వాటిని గాలించడానికి సైన్యం మనుషుల్ని కేటాయించాలి. శత్రువు ఫిరంగి లక్ష్యం ఇళ్లు కూల్చడం ఒక్కటే కాదు, జనాన్ని తరిమేయడం కూడా. కిటికీ మూయలేకపోవడం వల్ల ఒక కుటుంబం తిరిగి రాకపోతే, కాల్పులు ఆగాక కూడా అతని పని సాగుతున్నట్టే.

ఇతర దేశాలు దీన్ని ఎలా చూశాయి? రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడినప్పుడు బ్రిటన్ ఇళ్లకు 'ప్రథమ చికిత్స' అనే పద్ధతి పెట్టుకుంది. పూర్తి మరమ్మతు తర్వాత సంగతి. ముందు పైకప్పు మీద టార్పాలిన్, కిటికీకి బోర్డు లేదా మైనం పూసిన గుడ్డ, తలుపుకు గడియ. కుటుంబం అదే వీధిలో ఉండగలగాలి, కార్మికుడు మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లగలగాలి. ఇవాళ ఉక్రెయిన్‌లో ఖార్కివ్ వంటి నగరాల్లోనూ అదే చూస్తున్నాం. క్షిపణి పడిన కొన్ని గంటల్లోనే మున్సిపల్ సిబ్బంది, స్వచ్ఛంద సేవకులు బోర్డులు, పాలిథిన్ పట్టాలతో వస్తున్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ టార్పాలిన్లు, చెక్క రీపర్లు, మేకులతో కూడిన అత్యవసర కిట్లు పంచుతోంది. అక్కడి చలికాలంలో పగిలిన కిటికీ అంటే ప్రాణాపాయమే. మన పీర్ పంజాల్ గ్రామాల్లో కూడా జనవరిలో అంతే.

మన దగ్గర ఏర్పాట్లు లేవా? ఉన్నాయి, కానీ వాటి మధ్యలో ఒక ఖాళీ ఉంది. జమ్మూ, సాంబా, కఠువా, పూంచ్, రాజౌరీ జిల్లాలకు సుమారు 415 కోట్ల రూపాయలతో 14,460 బంకర్లు మంజూరయ్యాయి. అవి గుండ్లు పడుతున్నప్పుడు మనిషిని కాపాడతాయి. పరిహారం కొన్ని వారాల తర్వాత ఆదుకుంటుంది. బంకర్ నుంచి బయటికి వచ్చిన గంటకూ పరిహారం అందే రోజుకూ మధ్య ఎవరూ లేరు. 2025 మే 7న దేశంలోని 244 పౌర రక్షణ జిల్లాల్లో మాక్ డ్రిల్ జరపాలని కేంద్ర హోం శాఖ ఆదేశించింది. హైదరాబాద్, విశాఖపట్నాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. సైరన్లు, దీపాలు ఆర్పడం, కీలక కర్మాగారాలను కనబడకుండా చేయడం, జనాన్ని తరలించడం అందులో చేర్చారు. దెబ్బతిన్న ఇంటిని ఆ రాత్రికి వాసయోగ్యం చేయడం అనే అంశం చేర్చలేదు.

ఇది సరిహద్దుకే పరిమితమైన విషయమూ కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖలో ఎన్ని వేల కిటికీలు పోయాయో ఆ నగరవాసులకు గుర్తుండే ఉంటుంది. గాలికి ఎదురుగా ఉన్న కిటికీ పగిలితే లోపలికి దూరిన గాలి రేకుల పైకప్పును కింది నుంచి ఎత్తేస్తుంది. అక్కడ తుపానుకు ముందే మూయాలి, పూంచ్‌లో దాడి తర్వాత మూయాలి. సరుకు, నైపుణ్యం మాత్రం ఒకటే.

ఖర్చు ఎంత? సైనికుడి లెక్క ఒకటి చెబుతాను. ఒక సాధారణ ఇంటికి నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న నాలుగు కిటికీలు, ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న రెండు తలుపులు అనుకుందాం. మొత్తం 90 చదరపు అడుగులు. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు 32 చదరపు అడుగులు. అంటే ఇంటికి మూడు షీట్లు. అయిదు వందల ఇళ్లకు 1,500 షీట్లు, రెండు మూడు పెద్ద లారీల సరుకు. దానికి తోడు రీపర్లు, మేకులు, పాలిథిన్ పట్టాలు, రంపాలు, సుత్తులు, మందపాటి చేతి తొడుగులు. ఒక బ్లాకు కార్యాలయం గోదాములో ఒక మూలన పట్టే సామగ్రి ఇది.

సరుకు కంటే ముఖ్యం పని వరుస. ముందుగా పేలని గుండ్లు ఉన్నాయేమో సైన్యం లేదా పోలీసు నిపుణులు చూసి సరేననాలి. అప్పటిదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. తర్వాత కరెంటు, గ్యాస్ ఆపాలి. ఆ తర్వాత ఫొటోలు, వీడియో తీయాలి. వేలాడుతున్న గాజు పెంకులను పై నుంచి కిందికి తీసి, ఊడ్చి, అప్పుడు బోర్డు బిగించాలి. ఇంట్లో మనుషులు ఉండబోతుంటే లోపలి నుంచి తెరుచుకునే ఒక దారి తప్పనిసరిగా వదలాలి. గాలికి కొంత సందు కూడా ఉంచాలి. అన్ని కన్నాలూ మూసేసి లోపల బుఖారీయో బొగ్గుల కుంపటో వెలిగిస్తే ఆ విషవాయువుకు నిద్రలోనే ప్రాణాలు పోతాయి.

ఫొటోల సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మరమ్మతు చేస్తే పరిహారం రాదేమోనన్న భయంతో ఇంటిని అలాగే వదిలేసేవారిని నేను చాలామందిని చూశాను. పట్వారీ వచ్చి చూసేదాకా పగిలిన తలుపు ముట్టుకోరు. ఈలోగా వానకు గోడలు నానుతాయి, సామాను పోతుంది, చిన్న నష్టం పెద్దదవుతుంది. తాత్కాలికంగా మూసినంత మాత్రాన పరిహారం తగ్గదని, ఫోనులో తీసిన తేదీ ఉన్న ఫొటోను పంచనామాతో సమానంగా పరిగణిస్తామని ఒక్క ఉత్తర్వు చాలు. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

మిగిలినవి మూడు పనులు. సరిహద్దు బ్లాకులన్నింటిలో, తీరప్రాంత మండలాల్లో ఈ సామగ్రిని నిల్వ చేయాలి. 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ ఇవ్వాలన్న లక్ష్యంతో సాగిన ఆపద మిత్ర పథకం తరహాలో, ప్రతి ఊళ్లో ఇద్దరు వడ్రంగులతో కలిపి ఒక చిన్న దళాన్ని తయారు చేయాలి. 15 శాతం గీతకు దిగువన ఉన్న ఇళ్లకు కూడా, నగదు కాకపోతే సామగ్రి రూపంలో, మొదటి రోజే సాయం అందాలి.

దీనికి అభ్యంతరం నాకు తెలుసు. ప్లైవుడ్ ఫిరంగి గుండును ఆపదు, మర్నాడు మళ్లీ దాడి జరిగితే అంతా వృథా అంటారు. నిజమే, ఆపదు. గాయానికి కట్టే కట్టు కూడా తూటాను ఆపదు. అయినా ప్రతి జవాను జేబులో ఫీల్డ్ డ్రెస్సింగ్ ఉంటుంది, ఎందుకంటే ఆసుపత్రికి చేరేదాకా బతికి ఉండాలి. సరిహద్దు ఇంటికి కావలసింది అదే. పూంచ్, ఉరీ ప్రాంతాల్లో తిరిగొచ్చిన కుటుంబాలు చాలావరకు సొంతంగానే కిటికీలు మూసుకున్నాయి. మరోసారి అవసరం పడకూడదనే కోరుకుందాం. పడితే మాత్రం, ఆ రాత్రికి మేకులూ పలకలూ ఎక్కడ దొరుకుతాయా అని వాళ్లు వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు.