లెన్స్ ధర తగ్గింది... మరి కంటికి హాయి?

బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు నంద్యాల పేరున్న ఊరు. పొద్దున పుస్తకాలు, మధ్యాహ్నం కంప్యూటర్ ముందు మాక్ టెస్టులు, రాత్రి హాస్టల్ గదిలో ఫ్యాను కింద సెల్‌ఫోన్. ఇక్కడ చదివే పిల్లల్లో కళ్లజోడు ఉన్నవారికి ఏదో ఒకరోజు వచ్చే ఆలోచనే... ‘ఇవి తీసేసి లెన్సులు పెట్టుకుంటే?’ అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డలో పెళ్లి కుదిరిన ఇంట్లోనూ ఇదే చర్చ. ఫొటోల్లో అద్దాలు వద్దని అమ్మాయి అంటుంది. ఖర్చెంతని నాన్న అడుగుతాడు. కళ్లకు ఏమైనా అవుతుందేమోనని అమ్మ భయపడుతుంది.

నాన్న ప్రశ్నకు కొంత ఊరట దొరికింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కాంటాక్ట్ లెన్సులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా రూ.1,000 ఉన్న ప్యాకెట్‌పై ఇంతకుముందు రూ.120 పన్ను పడితే, ఇప్పుడు రూ.50 పడుతుంది. కానీ నెల తిరక్కుండానే కళ్లు మండుతున్నాయని బీరువాలో పడేసే లెన్సులు ఎంత చవగ్గా వచ్చినా దండగే. అమ్మ భయానికి జవాబు పన్నులో లేదు, బ్రాండులోనూ లేదు. మన కన్ను, మన ఊరు, మన రోజువారీ పని... ఈ మూడింటికీ సరిపోయినప్పుడే లెన్స్ హాయిగా ఉంటుంది.

గాలి అందాలి, తడి నిలవాలి

నల్లగుడ్డుపై అద్దంలా ఉండే పొర కార్నియా. దానికి రక్తనాళాలు ఉండవు. కావలసిన ఆక్సిజన్‌ను కన్నీటి పొర ద్వారా బయటి గాలి నుంచే తీసుకుంటుంది. లెన్స్ పెట్టుకోవడమంటే ఆ దారికి అడ్డంగా ఒక తెర వేయడమే. అందుకే ఆ తెర ఎంత ఆక్సిజన్‌ను లోపలికి పోనిస్తుందనేది ముఖ్యం.

పాత తరం హైడ్రోజెల్ లెన్సుల్లో ఆక్సిజన్ నీటి ద్వారా వెళ్తుంది. నీటి శాతం ఎక్కువైతే ఆక్సిజన్ బాగానే అందుతుంది కానీ, పొడి గాలిలో లెన్స్ త్వరగా ఆరిపోతుంది. ఆరిన లెన్స్ కంటిని గరగరలాడిస్తుంది. సిలికాన్ హైడ్రోజెల్ రకంలో ఆక్సిజన్ ప్రధానంగా సిలికాన్ ద్వారా వెళ్తుంది కాబట్టి, నీరు తక్కువున్నా సరిపోతుంది. రోజుకు ఎనిమిది, పది గంటలు వాడేవారికి డాక్టర్లు ఎక్కువగా ఈ రకాన్నే సూచిస్తారు. అయితే ఇది అందరికీ మెత్తగా అనిపించాలని లేదు. కొందరికి హైడ్రోజెలే హాయిగా ఉంటుంది. పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

హైదరాబాద్‌కూ భాగముంది

ఈ సిలికాన్ లెన్సుల కథలో మన తెలుగు నేలకూ పాత్ర ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ, 1990లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రయన్ హోల్డెన్ బృందంతో కలిసి పనిచేసింది. రాత్రీపగలూ తీయకుండా వాడే లెన్సులపై అక్కడ పరీక్షలు జరిగాయి. నిద్రలో రెప్ప మూసుకుని ఉంటుంది కాబట్టి, అప్పుడు కార్నియాకు ఆక్సిజన్ ఎలా అందించాలన్నదే ఆనాటి పెద్ద సమస్య. 1999లో సిలికాన్ హైడ్రోజెల్ మార్కెట్లోకి రావడంతో అది చాలావరకు తీరింది.

కానీ ఇన్‌ఫెక్షన్ సమస్య తీరలేదు. 2008లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనం ప్రకారం, సాఫ్ట్ లెన్సులను పగలు మాత్రమే వాడేవారిలో ఏడాదికి ప్రతి 10 వేల మందిలో దాదాపు ఇద్దరికి కార్నియా ఇన్‌ఫెక్షన్ వచ్చింది. సిలికాన్ హైడ్రోజెల్ పెట్టుకునే నిద్రపోయేవారిలో ఆ సంఖ్య దాదాపు 25. ‘ఖరీదైన లెన్స్ కదా, పడుకున్నా ఏం కాదు’ అనే ధీమాకు ఇంతకంటే స్పష్టమైన జవాబు అక్కర్లేదు. చదువుతూ చదువుతూ మంచం మీదే నిద్రపోయే అలవాటున్న పిల్లలు, పుస్తకంతో మంచమెక్కే ముందే లెన్సులు తీసేయడం మంచిది.

మన ఎండ, మన దుమ్ము

లెన్స్ ప్యాకెట్‌పై నంద్యాల ఎండ గురించి రాసి ఉండదు. ఇక్కడ వేసవిలో 44, 45 డిగ్రీలు మామూలే. పొడి గాలి, ముఖానికి నేరుగా తగిలే కూలర్ లేదా ఏసీ, రెప్ప వేయకుండా చూసే స్క్రీన్... మూడూ కలిస్తే కన్నీటి పొర త్వరగా ఆరిపోతుంది. అలాంటప్పుడు కూలర్ గాలి కళ్లకు సూటిగా తగలకుండా కూర్చోవాలి. పనిగట్టుకుని రెప్పలు వేస్తుండాలి. లెన్సుల మీద వేసుకోదగిన చుక్కల మందు ఏదో డాక్టర్‌ను అడిగే వాడాలి. ఎండలో నిలిపిన బైకు డిక్కీలో, కారులో లెన్సులు, సొల్యూషన్ ఉంచకూడదు.

నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య రోజూ బైకుపై తిరిగేవారు హెల్మెట్ అద్దం దించుకోవాలి, లేదా కళ్లను పూర్తిగా కప్పే చలువ అద్దాలు పెట్టుకోవాలి. శిల్పులకు పేరుపడ్డ ఆళ్లగడ్డలో ఉలి పట్టేవారు, పొలంలో పురుగుమందు కొట్టేవారు ఆ పని వేళల్లో లెన్సుల జోలికి వెళ్లకపోవడమే మేలు. రాతి పెచ్చుకు, రసాయనానికి లెన్స్ అడ్డుగోడ కాదు. పైగా నలుసు దాని కింద చేరితే కార్నియాను గీరుతూనే ఉంటుంది. అక్కడ కావలసింది రక్షణ అద్దాలు.

కళ్లజోడు చీటీ సరిపోదు

చాలామంది చేసే పొరపాటు... కళ్లజోడు చీటీలోని పవర్ చెప్పి లెన్సులు తెప్పించుకోవడం. కళ్లజోడు కంటికి కాస్త దూరంగా ఉంటుంది, లెన్స్ కంటిని అంటుకునే ఉంటుంది. అందుకే సైటు 4 దాటితే రెండింటి పవర్ మారుతుంది. కళ్లజోడులో మైనస్ 6 ఉన్నవారికి లెన్సులో దాదాపు మైనస్ 5.50 సరిపోతుంది. కంటి వంపు, లెన్స్ వెడల్పు కూడా చూడాలి. బిగుతైన లెన్స్ మొదట్లో హాయిగానే ఉండి, సాయంత్రానికి కంటిని ఎర్రబారుస్తుంది. వదులైతే రెప్ప వేసినప్పుడల్లా జారుతుంది. సిలిండర్ పవర్ ఉన్నవారికి టోరిక్ లెన్సులు అవసరం కావచ్చు. వాటి బదులు మామూలువి పెట్టి, ‘మసకగా ఉంది, తలనొప్పి వస్తోంది’ అనుకుంటే తప్పు లెన్సుది కాదు.

కాబట్టి కొనేముందు కన్నీటి పరీక్ష, రెప్పల పరీక్ష చేయించుకోండి. ట్రయల్ లెన్స్ పెట్టుకుని కాసేపు తిరిగి చూడండి. వాడకం మొదలయ్యాక వారం, పది రోజులకు ఒకసారి చూపించుకోండి. అలర్జీ, తరచూ కురుపులు, బాగా పొడిబారే కళ్లు ఉంటే ముందు వాటికి వైద్యం కావాలి.

నెలవా, ఏ రోజుకారోజువా?

రోజూ పెట్టుకునేవారికి నెలవారీ లెన్సులు సాధారణంగా చవక. కానీ సొల్యూషన్, డబ్బీ ఖర్చునూ కలిపి చూడాలి. ‘నెల’ అంటే తెరిచిన రోజు నుంచి లెక్క, వాడిన రోజుల లెక్క కాదు. వారంలో రెండు రోజులే వాడినా నెల కాగానే పారేయాల్సిందే. అలాంటివారికి ఏ రోజుకారోజు పారేసే లెన్సులే లాభం. 30 లెన్సుల పెట్టె అంటే 15 జతలు. నెలకు ఎనిమిది రోజులు వాడితే రెండు కళ్లకూ ఒకే పవర్ ఉన్నవారికి దాదాపు రెండు నెలలు వస్తుంది. కడిగే పని ఉండదు కాబట్టి హాస్టల్ పిల్లలకూ ఇవి అనువు. అలాగని వీటితో ఇన్‌ఫెక్షన్ రాదనుకోకూడదు. పైన చెప్పిన అధ్యయనంలో వీటిని వాడినవారిలోనూ ఏడాదికి 10 వేలకు దాదాపు ఇద్దరికి వచ్చింది. చేతులు సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో తుడుచుకున్నాకే లెన్స్ ముట్టుకోవాలి.

కొళాయి నీరైనా, బోరు నీరైనా, మినరల్ వాటరైనా లెన్సును తాకకూడదు. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాకు పడితే వైద్యం నెలల తరబడి సాగుతుంది. లెన్సులతో స్నానం, ఈత వద్దు. డబ్బీలో నిన్నటి సొల్యూషన్ పారబోసి కొత్తది పోయాలి. డబ్బీని మూడు నెలలకోసారైనా మార్చాలి.

పెళ్లింట్లో జాగ్రత్త

కంటి రంగు మార్చే లెన్సులకు పవర్ లేకపోయినా అవీ వైద్య పరికరాలే. కొలతలు లేకుండా పార్లర్‌లో పెట్టించుకోవద్దు. ఒకరు వాడినవి ఇంకొకరు అసలే వద్దు. 2024 జులైలో ఢిల్లీలో ఒక కార్యక్రమానికి లెన్సులు పెట్టుకున్న హిందీ నటి జాస్మిన్ భసీన్, తన కార్నియా దెబ్బతిన్నదని స్వయంగా చెప్పారు. సౌకర్యాలన్నీ అందుబాటులో ఉన్నవారికీ ఇలా జరగవచ్చు.

పెళ్లికి కనీసం నెల ముందు డాక్టర్‌ను కలిసి అలవాటు చేసుకోండి. మంగళస్నానం అయ్యాకే లెన్స్, ఆ తర్వాతే కాటుక. రాత్రి ముందు లెన్స్ తీసి, తర్వాత మేకప్ తుడుచుకోవాలి. హోమం పొగ పడకపోతే వాడేందుకు కళ్లజోడు దగ్గర ఉంచుకోవాలి.

ఎర్రబడితే ఆగొద్దు

కన్ను ఎర్రబడడం, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, పుసి కట్టడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే లెన్స్ తీసేయండి. తీశాక కూడా తగ్గకపోతే ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించండి. సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించేయగలదు. మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం. ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పుండు పెరుగుతుంది. తీసిన లెన్సును, డబ్బీని పారేయకుండా వెంట తీసుకెళ్తే క్రిమిని గుర్తించడం సులువవుతుంది. పెద్ద వైద్యం అవసరమైతే కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది.

లెన్సులు కొన్నంత మాత్రాన కళ్లజోడుకు సెలవు ఇవ్వకూడదు. ఇప్పటి పవర్‌తో ఒక మంచి జోడు ఇంట్లో ఉంటేనే, కన్ను అలసిన రోజున లెన్స్ పక్కన పెట్టగలం. పన్నులో మిగిలిన డబ్బుతో ముందు చేయించాల్సింది అదే.