జబ్బుపడి లేచిన పిల్లి

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ తెలియని తెలుగువారు అరుదు. ఎలుకల బాధ తీర్చడానికి శ్రీకృష్ణదేవరాయలు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాలకోసం ఒక ఆవును ఇప్పించాడట. రామకృష్ణుడు మొదటిరోజే తన పిల్లి ముందు సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన ఆ పిల్లి తరువాత పాలగిన్నెను చూస్తే చాలు, పరుగు లంకించుకొనేది. ఇది చరిత్ర కాదు, కల్పన. అయినా ఈ కథ అల్లినవాడెవరో పిల్లిని శ్రద్ధగా గమనించినవాడే. ఒక్కసారి పడిన బాధ ఆ ప్రాణి నడవడినే మార్చివేయగలదని అతడు కనిపెట్టాడు. మనం మాత్రం కవి చాతుర్యానికి నవ్వుకొని అక్కడితో ఆగిపోయాం.

అనంతపురం పల్లెల్లో పిల్లిని ముద్దుకోసం పెంచేవారు తక్కువ. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ పీఠభూమిపై ఏడాదికి కురిసే సగటు వర్షం దాదాపు 550 మిల్లీమీటర్లే. దానినే నమ్ముకొని రైతు వేరుశనగ వేస్తాడు. తొలకరి దాకా దాచుకొన్న విత్తనపు కాయలే అతని ఆశ. ఆ మూటలకు కాపలా పిల్లి. కనుక ఇక్కడ పిల్లి కూడా ఒక పనిమనిషి వంటిదే. పని మానిన పిల్లికి ఇంట్లో చోటుండదు.

కళ్యాణదుర్గం ప్రాంతంలోని మా ఇంట్లో, నా చిన్నతనాన, అటువంటి పిల్లి ఒకటి ఉండేది. ఒక కరువు సంవత్సరం వేసవిలో అది జబ్బుపడి మూటల వెనుక చీకటిలో దాక్కొంది. పశువైద్యుడిచ్చిన మాత్రను పొడిచేసి, దానికెంతో ఇష్టమైన పాలలో కలిపి తాగించాం. పదిరోజులకు లేచి నడిచింది. కాని అది పాత పిల్లి కాదు. పాలను వాసన చూసి తల తిప్పుకొనేది. పిలిస్తే రాదు. పగలంతా అటకమీదే ఉండేది. రాత్రి మాత్రం మా అవ్వ దుప్పటిలో దూరేది. “జబ్బు పోయింది, పొగరు పట్టింది” అన్నారు ఇంట్లోవాళ్లు. మూటల దగ్గర ఎలుకలు చేరాయి. ఒకనాడు దానిని గోనెసంచిలో వేసి చెరువుకట్ట దాటించి వదిలివచ్చారు. సంచి మూతి పట్టుకొన్నది నేనే. అవ్వ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

అది పొగరు కాదని నాకు చాలాకాలానికి తెలిసింది. అమెరికా శాస్త్రవేత్త జాన్ గార్సియా, ఆయన సహచరులు 1955లో ఒక ప్రయోగఫలితాన్ని ప్రకటించారు. ఎలుకలు సాకరిన్ కలిపిన తీపినీళ్లు తాగుతున్నప్పుడు వాటిమీద వికిరణం ప్రసరింపజేశారు. ఆ తరువాత అవి తీపినీటిని ముట్టడానికి వెనుకాడాయి. బాధ కలిగించింది వికిరణమే అయినా ఆ నింద తీపినీటికి అంటింది. జబ్బులో ఉన్నప్పుడు తిన్న తిండిపై జంతువుకు ఇటువంటి విముఖత కలుగుతుంది. మేము చేదుమందును పాలలో కలిపి, పాలమీద దానికున్న నమ్మకాన్ని మా చేతులతోనే చెరిపివేశాం.

దాక్కోవడానికీ కారణముంది. పిల్లి వేటాడే జంతువే అయినా, తనకంటె పెద్ద జంతువులకు తానే ఆహారం. నీరసాన్ని బయటపెడితే దానికి ప్రాణాపాయం. జ్వరంలో తిండి మానడం, ముడుచుకొని పడుకోవడం శరీరం రోగంతో పోరాడే పద్ధతిలో భాగమని బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య శాస్త్రవేత్త 1988లో వాదించాడు. ఆ అలవాటు రోగంతోపాటే మాయం కావాలనుకోవడం మన తొందరపాటు. విషజ్వరం నుండి లేచిన మనిషి నెలల తరబడి విసుక్కొంటే ఇల్లంతా ఓర్చుకొంటుంది. ఆ ఓర్పులో పిల్లికి పిడికెడైనా దక్కదు.

అయితే ప్రతి మార్పునూ జ్ఞాపకంగా భావించి ఊరుకోరాదు. రోగం వదిలి వెళ్లిన మచ్చలూ ఉంటాయి. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ వ్యాధి తల్లి కడుపులోనే సోకిన పిల్లికూనలలో కొన్ని జీవితాంతం తూలుతూ నడుస్తాయి. వాటికి చిన్నమెదడు సరిగా ఎదగదు. ఎడారి పూర్వీకుల సంతతి కనుక పిల్లి సహజంగా నీరు తక్కువ తాగుతుంది. అటువంటిది మాటిమాటికీ నీళ్లతొట్టి దగ్గరికి పోతూంటే మూత్రపిండాలు చెడ్డాయేమోనని అనుమానించాలి. రెండుమూడు రోజులు బొత్తిగా తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి చనిపోవచ్చు. అప్పుడు వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. మన ఇంట్లో జ్వరానికి వాడే పారాసిటమాల్ మాత్ర ఒక్కటైనా పిల్లి ప్రాణం తీయగలదని ఎందరికి తెలుసు?

వాన లేని యేడు ఎద్దులనే అమ్ముకొనే రైతు పిల్లి మనసును ఎక్కడ పట్టించుకొంటాడని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నను నేను కొట్టిపారేయలేను. పశుగ్రాసం కొనలేనివాడిని దయలేనివాడనడం అన్యాయం. కాని పిల్లి విషయంలో అడుగుతున్నది ఖర్చు కాదు, కొన్ని వారాల గడువు. మందు ఇష్టమైన తిండిలో కలపకపోవడం, అటకమీద ఉంటే కిందికి లాగకపోవడం, చేతికి రాకపోతే వెంటపడకపోవడం, ఇంతే. మూటల కింద మేము ఎలుకలబోను పెట్టింది పిల్లిని పారవేసిన తరువాత. ముందే పెట్టి ఉండవచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో మరో పిల్లి ఉంది. నిరుడు జబ్బుచేసి బతికింది. మందును వేరుగా, నీళ్లలో కలిపి చుక్కలుగా నోట్లో పోశాం. రెండు నెలలు మంచం కిందినుండి రాలేదు. ఈమధ్య వాకిట్లోకి వచ్చి ఎండలో కూర్చొంటోంది. నన్ను చూస్తే ఇంకా రెండడుగులు వెనక్కి వేస్తుంది. నేనూ రెండడుగులు దూరంగానే కూర్చొంటున్నాను.