కచేరీకి వెళ్తానన్న కొడుకుతో...



జుమా నమాజు ముగిశాక మస్జిదు వరండాలో మమ్మల్ని ఆపి అడిగే ప్రశ్నల తీరు ఈ మధ్య కొంత మారింది. జకాత్ లెక్కలు, వారసత్వ వాటాలు, నికాహ్‌కు సంబంధించిన సందేహాలు ఎప్పటిలాగే ఉన్నాయి. వాటికి తోడు శామీర్‌పేట, తూంకుంట, మేడ్చల్ ప్రాంతాల తల్లిదండ్రుల నుంచి మరో ప్రశ్న వస్తున్నది. "మౌలానా! మా అబ్బాయి ఎలక్ట్రిక్ గిటారు కొన్నాడు. తనకిష్టమైన రాక్ బ్యాండు కచేరీకి వెళ్తానంటున్నాడు. హరామ్ అని మీరొక్క మాట చెప్పండి, చాలు!"

ధర్మశాస్త్రం ఏమంటున్నదో చెప్పడం మా బాధ్యత. చెబుతాము. కానీ ఆ 'చాలు' అన్న మాట దగ్గరే మాకు సందేహం. ఒక్క మాటతో ఇంట్లో సంభాషణ ముగిసిపోతుంది గాని, బిడ్డ మనసులోని కోరిక ముగియదు. అది తల్లిదండ్రుల కంటికి కనబడనిచోటికి తరలిపోతుంది, అంతే.

మారిన పరిసరాలు

శామీర్‌పేట అంటే ఒకప్పుడు చెరువు, ద్రాక్షతోటలు, కరీంనగర్ వెళ్ళే రహదారి. నేడు ఈ చుట్టుపక్కలనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది, జీనోమ్ వ్యాలీ ఉన్నది, 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం ఉన్నది. దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థుల సరసన మన పిల్లలూ ఉన్నత విద్య అభ్యసిస్తున్నారు, అల్హమ్దులిల్లాహ్. ఇటువంటి విద్యాసంస్థల వార్షికోత్సవాలలో సంగీత ప్రదర్శనలు ఒక భాగం. ప్రాంగణం దాటితే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు నగరం ఆ చివరను ఈ చివరకు దగ్గర చేసింది. 2024 డిసెంబరులో కెనడా రాక్ గాయకుడు బ్రయన్ ఆడమ్స్ హైదరాబాద్‌లో పాడాడు. 2025 జనవరి 25, 26 తేదీలలో కోల్డ్‌ప్లే బృందం అహ్మదాబాద్‌లో ప్రదర్శన ఇచ్చింది. ఆ మరుసటి వారమే, ఫిబ్రవరి 2న, ఆంగ్ల గాయకుడు ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీకి వచ్చాడు. అంటే ఈ ప్రశ్న ఎక్కడో విదేశాలలోని కుటుంబాలది కాదు. అది మన గడప దాకా వచ్చింది.

తెలుసుకొని మాట్లాడుదాం

గిటారును 'షైతాన్ డబ్బా' అని తిట్టే తండ్రిని చూసి, ఇంజనీరింగ్ చదివే కొడుకు లోలోపల నవ్వుకుంటాడు. ఆ నవ్వుతోనే తండ్రి తర్వాత చెప్పబోయే మంచి మాటకు కూడా విలువ తగ్గుతుంది. కనుక ముందు ఆ వస్తువేమిటో తెలుసుకుందాం.

ఎలక్ట్రిక్ గిటారుకు ఉక్కు తీగలుంటాయి. వాటి కింద అయస్కాంతాలు, ఆ అయస్కాంతాల చుట్టూ వేలసార్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. ఉక్కు తీగను మీటగానే అయస్కాంత క్షేత్రంలో కదలిక వచ్చి రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయర్ దానిని ఎన్నో రెట్లు పెంచి స్పీకరుకు అందిస్తుంది. పెద్ద వాద్యబృందాల హోరులో గిటారు శబ్దం వినబడక, 1930ల ఆరంభంలో అమెరికాలో ఈ పరికరాన్ని కనుగొన్నారు. గదిలో నలుగురికి వినిపించే తీగను మైదానంలో వేలమందికి వినిపించేటట్లు చేసింది ఈ చిన్న ఏర్పాటే.

'గిటారు' అన్న మాటకు స్పానిష్ భాష ద్వారా అరబీ 'ఖీతారా'తోనూ, దానికి మునుపు గ్రీకు భాషతోనూ బంధుత్వం ఉన్నదని భాషావేత్తలు చెబుతారు. యూరప్ వారి 'ల్యూట్' అనే వాద్యం పేరు అరబీ 'అల్-ఊద్' నుంచి వచ్చింది. పదో శతాబ్దపు తత్త్వవేత్త ఫారాబీ సంగీతశాస్త్రంపై బృహద్గ్రంథమే రచించాడు. ఈ సంగతులన్నీ మన పిల్లలకు తెలుసు, వాటిని వాదనగా మన ముందు పెడతారు కూడా. వారికి నెమ్మదిగా చెప్పవలసిన జవాబు ఇది: ఒక వస్తువు ముస్లిముల చరిత్రలో ఉండటం వేరు, ఇస్లాం ధర్మంలో దానికి అనుమతి ఉండటం వేరు. రాజుల కొలువులలో మద్యపానమూ సాగింది. దానివల్ల మద్యం ధర్మసమ్మతం కాలేదు.

ధర్మశాస్త్రం మాట

తన సమాజంలో కొందరు వ్యభిచారాన్ని, పట్టువస్త్రాలను, మద్యాన్ని, వాద్యాలను ధర్మసమ్మతం చేసుకునే రోజులు వస్తాయని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. దీనిని, ఇతర ఆధారాలను బట్టి నాలుగు ఫిఖ్హ్ మార్గాల విద్వాంసులలో అత్యధికులు వాద్యాలను నిషిద్ధంగా భావించారు. స్పెయిన్ విద్వాంసుడు ఇబ్నె హజ్మ్ ఈ హదీసు పరంపరపై అభ్యంతరం చెప్పి భిన్నమైన అభిప్రాయం వెలిబుచ్చారు. ఇమామ్ గజాలీ తమ 'ఇహ్యా'లో గానశ్రవణాన్ని షరతులతో అంగీకరించారు. అయితే తాగుబోతుల సభలకు గుర్తుగా మారిన తీగవాద్యాలను ఆయన కూడా మినహాయించారు. మన కాలంలో యూసుఫ్ ఖర్జావీ వంటివారు కఠినమైన షరతులతో వెసులుబాటు చూపారు. మేము చదువుకున్నదీ, బోధిస్తున్నదీ హనఫీ మార్గం. తీగవాద్యాలకు దూరంగా ఉండటమే సరైనదని మా అభిప్రాయం.

దీనితోపాటే మరో హదీసునూ దాచకుండా చెప్పాలి. పండుగ రోజున హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఇద్దరు బాలికలు పాడుతుండగా హజ్రత్ అబూబక్ర్ (రజి) కోప్పడ్డారు. ప్రతి జాతికీ ఒక పండుగ ఉంటుందని, వారిని వదిలేయమని దైవప్రవక్త (స) అన్నారు. మస్జిదు ఆవరణలో హబషీలు ఈటెలతో ఆడుతుంటే హజ్రత్ ఆయిషా (రజి) చూసేదాకా ఆయన ఓపికగా నిలబడ్డారు. ఆనందానికి ఇస్లాంలో చోటు ఉన్నది. ఆ చోటు ఎక్కడో మన పిల్లలకు చూపించామా అన్నది ప్రశ్న.

భేదాభిప్రాయం లేని విషయాలు

వాద్యం గురించి విద్వాంసుల చర్చ ఎంత ఉన్నా, కచేరీ చుట్టూ ఉండే అనేక విషయాలలో ఏ చర్చా లేదు. నాలుగు గంటలకే మైదానం చేరి అర్ధరాత్రి తిరిగివచ్చే వాడికి అస్ర్, మగ్రిబ్, ఇషా నమాజులు ఏమవుతాయి? పక్కన మద్యం పారే చోట కూర్చోవడం ఎటువంటిది? ఇంటి అద్దె అప్పుగా ఉండగా వేల రూపాయలు ఒక సాయంత్రానికి ఖర్చు చేయడం దుబారా కాదా? కొడుకుతో మాట్లాడేటప్పుడు ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

శరీరం కూడా అల్లాహ్ అప్పగించిన అమానత్. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు విన్నప్పుడు చెవికి ఎంత ముప్పో, ప్రతి మూడు డెసిబెల్స్ పెరిగేకొద్దీ అంతే ముప్పు సగం సమయంలో వాటిల్లుతుందని నిపుణుల లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే. 12 నుంచి 35 ఏళ్ళ వయసువారిలో వంద కోట్లకు పైగా వినికిడి ముప్పులో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హెచ్చరించింది. 2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంఝ్ హైదరాబాద్ వచ్చినప్పుడు, మద్యాన్ని, మత్తుమందులను ప్రోత్సహించే పాటలు పాడవద్దనీ, పెద్ద శబ్దాలున్న వేదికపైకి పిల్లలను తీసుకురావద్దనీ తెలంగాణ అధికారులు నోటీసు ఇచ్చారు. ఈ చింత మౌల్వీలకు మాత్రమే పరిమితం కాదన్నమాట. ఇక జనసమ్మర్దం సంగతి: 2023 నవంబరు 25న కొచ్చిన్ విశ్వవిద్యాలయ ఉత్సవంలో కచేరీ వేళ తొక్కిసలాట జరిగి నలుగురు మరణించారు. వారూ ఇంట్లో చెప్పి బయలుదేరిన బిడ్డలే.

రెండు సగాల కథ

బ్రిటన్ గాయకుడు క్యాట్ స్టీవెన్స్ 1977లో ఇస్లాం స్వీకరించి యూసుఫ్ ఇస్లాం అయ్యారు. కీర్తి శిఖరం మీద ఉండగా సంగీతాన్ని విడిచి, తన గిటార్లను వేలం వేసి ఆ సొమ్మును దానం చేశారు. 1983లో లండన్‌లో ముస్లిం పిల్లల పాఠశాల స్థాపించారు. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ గిటారు పట్టి 2006లో పాటల సంపుటి వెలువరించారు. తండ్రులు ఈ కథలో మొదటి సగమే చెబుతారు, కొడుకులు రెండో సగమే చెబుతారు. ఆయన తిరిగి గిటారు పట్టడాన్ని మేము ఆధారంగా తీసుకోము. అయితే మధ్యలోని ఆ పాతికేళ్ళను ఇద్దరూ కలిసి చూడాలి. వదిలినదాని స్థానంలో ఆయన పాఠశాలను, సేవను, దుఆను నింపుకున్నారు. ఖాళీగా వదిలిన చోట పాత కోరికే వచ్చి కూర్చుంటుంది. మనం పిల్లల చేతిలోంచి ఒకటి తీసుకుంటున్నాము, బదులుగా ఏమి పెడుతున్నాము?

గత సంవత్సరం ఒక తండ్రి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదివే కొడుకును మా వద్దకు తీసుకువచ్చారు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఆ అబ్బాయి గిటారు కొన్నాడు. "పగలగొడతానని చెప్పాను హజ్రత్!" అన్నారు తండ్రి. ఆ కచేరీలో నీకు దొరికేది ఏమిటి బేటా అని మేము అడిగాము. అతడు చాలాసేపు తలవంచుకుని, "అక్కడ వేలమంది ఒకే పాట పాడుతుంటే నేనూ వాళ్ళలో ఒకణ్ణి అనిపిస్తుంది హజ్రత్. మా వీధి మస్జిదులో మొదటి సఫ్‌లో నిలబడితే ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని వెనక్కి పంపారు. అక్కడ నా పేరు కూడా ఎవరికీ తెలియదు" అన్నాడు. తండ్రి ఆ మాట మొదటిసారి వింటున్నారు.

మేము మా అభిప్రాయం స్పష్టంగానే చెప్పాము. అయినా అతడు ఆ కచేరీకి వెళ్ళాడు. అర్ధరాత్రి దాటి తిరిగివస్తే తండ్రి మేలుకొనే ఉన్నారు. తలుపు తీసి, "తిన్నావా బేటా?" అని అడిగారు. "తిట్లకు సిద్ధపడి వచ్చాను హజ్రత్, ఆ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు" అని అబ్బాయి తర్వాత మాతో అన్నాడు. గిటారు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నది. కొడుకూ ఆ ఇంట్లోనే ఉన్నాడు. రెండోదాని కోసం అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాము, మొదటిదాని కోసం దుఆ చేస్తున్నాము.

తల్లిదండ్రులకు, మస్జిదు పెద్దలకు

వ్యభిచారానికి అనుమతి ఇమ్మని అడిగిన యువకుణ్ణి జనం గద్దించబోతే, దైవప్రవక్త (స) అతణ్ణి దగ్గరకు పిలిచి కూర్చోబెట్టారు. నీ తల్లి విషయంలో, నీ చెల్లెలి విషయంలో ఇది నీకు సమ్మతమేనా అని అడిగి ఆలోచింపజేశారు. ఆపై అతని గుండెపై చెయ్యి ఉంచి దుఆ చేశారు. అంత పెద్ద పాపం గురించి అడిగినవాడికే ఆ ఆదరణ దక్కింది. గిటారు కొన్న బిడ్డకు అంతకన్నా తక్కువ దక్కడం న్యాయమా?

కనుక తల్లిదండ్రులారా, కొడుకుకు ఇష్టమైన పాటలోని మాటల అర్థమేమిటో అతణ్ణే అడగండి. చెప్పే క్రమంలో ఏది మంచి, ఏది చెడు అన్నది చాలాసార్లు అతనికే తడుతుంది. నమాజు, ఖర్చు, స్నేహితులు, తిరిగివచ్చే వేళ గురించి బెదిరింపు లేకుండా మాట్లాడండి. వాడి వస్తువును పగలగొట్టకండి. పగిలేది వస్తువొక్కటే కాదు. మస్జిదు కమిటీల పెద్దలారా, యువకుల పేర్లు తెలుసుకోండి, ముందు వచ్చినవాణ్ణి ముందే నిలబడనివ్వండి. ఈద్ ఏర్పాట్లలో, రమజాన్ ఇఫ్తార్ పనులలో వారికి బాధ్యత అప్పగించండి. వేలమంది ఒక్క గొంతుతో 'ఆమీన్' అనే చోటు మన దగ్గర ఉన్నది. అందులో తానూ ఒకణ్ణన్న భావన ఆ బిడ్డకు కలిగించడం మన పని.

అల్లాహ్ మన సంతానాన్ని మన కంటికి చలువగా చేయుగాక! సత్యాన్ని మృదువుగా చెప్పగల నాలుకను, ఓపికగా వినగల హృదయాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.