నల్లరంగు అయిపోయింది, అయ్యగారూ



ఈ నెల నా తప్పు ఒకటి ఒప్పుకొని ప్రారంభిస్తున్నాను. ఎవరి గురించి రాస్తున్నానో ఆ అబ్బాయి ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. అతణ్ణి, అతని తల్లిని అడిగి, వారు సరేనన్న తరువాతే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను.

కొన్నేండ్ల క్రితం వేసవి సెలవుల్లో మా రఘునాథపల్లి దగ్గరి ఒక చిన్న సంఘంలో వి.బి.ఎస్. పెట్టుకున్నాము. చివరి రోజు పిల్లలకు కాగితాలు, రంగు పెన్సిళ్ళు పంచి నోవహు ఓడ వేయమన్నాను. బాగా వేసిన వారికి స్టీలు గ్లాసు బహుమతి. అందరూ ఓడలు వేశారు, ఏనుగులు వేశారు. తొమ్మిదేండ్ల పిల్లవాడొకడు మాత్రం కాగితమంతా నల్లగా పులిమి, కింద ఒక మూలన చిన్న ఎర్ర డబ్బా వేశాడు.

"గిదేంది రా? ఓడ ఏది? మంచిగ రంగులేసి తీసుకరా పో" అని ఇంకో కాగితం చేతిలో పెట్టాను.

వాడు నా మొహం చూడకుండా, "నల్లరంగు అయిపోయింది, అయ్యగారూ" అన్నాడు. ఆ రెండో కాగితం మీద ఒక్క గీత కూడా పడలేదు.

రాత్రి అన్నం దగ్గర ఆ మాట నా భార్యతో చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "కిందటి పత్తి పంటకు మందు తాగిన ఆయన కొడుకే కదా. చేను కాడికి సద్ది పట్టుకపోయి తండ్రిని మొదట చూసింది వాడేనట" అన్నది.

ఆ మనిషిని సమాధి చేసినది నేనే. తల్లిని ఓదార్చాను. అప్పులవాళ్ళతో మాట్లాడాను. ఆ పిల్లవాణ్ణి మాత్రం ఒక్క మాట అడగలేదు. 'చిన్నోడు, వానికేం తెలుస్తది' అనుకున్నాను. వానికే అందరికంటె ఎక్కువ తెలుసు. తెలిసినది చెప్పడానికి వాడు చేసిన మొదటి ప్రయత్నాన్ని నేను తిప్పి పంపాను.

మన ప్రాంతపు పెద్దలకు 1997, 98 సంవత్సరాలు మరపురావు. వానలు తారుమారై, పురుగు పడి, మందులు కొట్టినా చావక, ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి రైతులు ఒకరి తరువాత ఒకరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు నేను ఇంటర్ చదివే వయసులో ఉన్నాను. పేపర్లలో రైతు పేరు, ఎకరాలు, అప్పు ఎంతో ఉండేవి. వెనుక మిగిలిన పిల్లల గూర్చి ఒక వాక్యం ఉంటే ఉండేది. ఆ పిల్లలు ఏమి చూశారో, రాత్రులు ఎట్లా పడుకున్నారో ఎవరు రాశారు?

భయంకరమైనది కండ్ల చూసిన పిల్లవానికి అది కథలాగా గుర్తుండదు. ఒక వాసన, ఒక చప్పుడు, ఒక రంగు, ఇలా ముక్కలుగా గుర్తుంటుంది. ఆ ముక్కలకు మాటలు అతకవు. అందుకే "ఏమైంది బిడ్డా, చెప్పు" అంటే చెప్పలేడు. కొందరు పక్క తడుపుతారు, కొందరు ఊరికే కొట్లాడుతారు, కొందరు బడిలో గోడకేసి చూస్తూ కూర్చుంటారు. మనం మొండివాడంటాము, మందమతి అంటాము. కాని చేతికి బొగ్గు ముక్కో, బంకమట్టి ముద్దో ఇస్తే లోపల ఉన్నది బయటికి వచ్చి కాగితం మీద కూర్చుంటుంది. అప్పుడు దానిని దూరం నుండి చూడవచ్చు, మడిచి పెట్టవచ్చు, వద్దనుకుంటే చింపవచ్చు. అంతవరకు తన మీద స్వారీ చేసినది ఇప్పుడు తన చేతిలో ఉంటుంది.

ఇది నేటి మాట కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు చెక్ దేశంలోని తెరెజీన్ అనే ఊరిని యూదుల నిర్బంధ స్థలంగా మార్చారు. 1942 డిసెంబరులో ఫ్రీడ్ల్ డిక్కర్ బ్రాండైస్ అనే చిత్రకారిణిని అక్కడికి తెచ్చారు. ఆమె వియన్నాలో పుట్టిన యూదురాలు. ఆకలి, రోగం, రేపు ఎవరిని బండి ఎక్కిస్తారో అన్న భయం, వీటి మధ్య ఆమె పిల్లలను కూర్చోబెట్టి బొమ్మలు వేయించింది. కాగితం దొరకకపోతే వాడేసిన ఆఫీసు ఫారాల వెనుక వేయించింది. ఒక విషయంలో మాత్రం ఆమె పట్టు విడువలేదు. ప్రతి పిల్లవాడు తన బొమ్మ మీద తన పేరు రాయాలి. మనుషులను అంకెలుగా మార్చిన చోట ఆమె పిల్లలకు వారి పేర్లు తిరిగి ఇచ్చింది.

1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్‌కు పంపి చంపారు. వెళ్ళే ముందు సుమారు 4,500 బొమ్మలను రెండు సూటుకేసులలో దాచి వెళ్ళింది. యుద్ధం తరువాత అవి బయటపడి, ప్రేగ్‌లోని యూదుల మ్యూజియంకు చేరాయి. వాటిని వేసిన పిల్లలలో ఎక్కువ మంది బ్రతకలేదు. పేర్లు మాత్రం మిగిలాయి. ఆమె శిష్యురాలు ఎడిత్ క్రేమర్ 1938లో అమెరికా చేరి, గాయపడిన పిల్లలతో ఈ పనినే ఏండ్ల తరబడి చేసి, ఇతరులకు నేర్పింది.

మన దేశంలోనూ 2001 గుజరాత్ భూకంపం తరువాత, 2004 సునామీ తరువాత, బెంగళూరులోని నిమ్హాన్స్ వారు ఊళ్ళలోని వాలంటీర్లకు, టీచర్లకు శిక్షణ ఇచ్చి బొమ్మలు, ఆటలు, కథల ద్వారా పిల్లల దగ్గరికి పంపారు. ప్రతి ఊరికీ డాక్టరు రాలేడు. ఊరిలో ఉండే నమ్మకమైన మనిషి రాగలడు.

ఇంత దూరం ఎందుకు? జనగామకు దగ్గరలో ఉన్న చేర్యాల మనకు తెలియనిదా? అక్కడి నకాషీ కళాకారులు బట్టకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి, ఎర్రని నేల మీద బొమ్మలు వేస్తారు. కథ చెప్పేవారు ఆ పటాన్ని విప్పుతూ, ఒక్కొక్క బొమ్మ చూపుతూ రాత్రంతా కులపురాణాలు చెప్పేవారు. ఆ కథలు మనవి కాకపోవచ్చు, కాని పద్ధతిని చూడండి. బొమ్మ ఎదురుగా ఉంటే కష్టాల కథ చెప్పేవానికీ ధైర్యం, వినేవారికీ ఓపిక. మాట, బొమ్మ, చుట్టూ కూర్చున్న ఊరు, ఈ మూడూ మన దగ్గర ఎప్పటి నుండో ఉన్నాయి.

ఆ వేసవి తరువాత మేము శనివారం సాయంత్రం ఒక గంట పెట్టుకున్నాము. అన్ని మతాల పిల్లలు వస్తారు. ప్రసంగం ఉండదు. పలకలు, సుద్దముక్కలు, బొగ్గు, పసుపు, ఇటుక పొడి, చెరువు మట్టి, పాత పేపర్లు. ఖర్చు చాలా తక్కువ. మీ సంఘంలో మొదలుపెట్టాలనుకునేవారికి మేము పొరపాట్లు చేసి నేర్చుకున్నవి చెబుతాను.

పోటీ వద్దు, బహుమతి వద్దు. ఏడుపుకు మార్కులు వేయలేము. అదే రోజు, అదే చోటు, అదే మనుషులు ఉండాలి. అన్నీ తారుమారైన పిల్లవానికి తప్పకుండా వచ్చే ఒక గంటే సగం మందు. "ఇదేంటి?" అని గుచ్చి అడగవద్దు. "చెప్పాలనిపిస్తే చెప్పు, నేను వింట" అంటే చాలు. అడగకుండా బొమ్మను గోడకు అంటించవద్దు, సహాయం చేసేవారికి ఫోటో తీసి పంపవద్దు. తలుపులు తెరిచి ఉంచి, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి.

ఇంకొకటి. నల్లరంగు చూడగానే ఏదో కనిపెట్టినట్టు అర్థాలు చెప్పవద్దు. కొందరికి నలుపు ఇష్టం, అంతే. కాని ఎవరో తనను పాడు చేస్తున్నారనో, కొడుతున్నారనో పిల్లలు చెబితే పరువు కోసం కప్పిపెట్టవద్దు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతున్నది. ఆ నేరం చేసినవాడు సంఘపెద్ద అయినా సరే. పిల్లల సహాయానికి 1098 ఉన్నది. నిద్ర, తిండి మానేసినా, చచ్చిపోతానన్నా ఆలస్యం చేయక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. 14416కు ఫోన్ చేస్తే మనసు బాధలకు ఉచితంగా సలహా ఇస్తారు. బొమ్మల గంట డాక్టరుకు బదులు కాదు, ప్రార్థన కూడా డాక్టరుకు అడ్డం కాదు.

యోబు స్నేహితులను మనం తప్పుపడతాము. కాని వారు ఒక మంచి పని చేశారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చుని ఒక్క మాట పలుకలేదు. నోరు తెరిచిన తరువాతే పాడు చేశారు. పాస్టరుకు మాట్లాడడం అలవాటు. ఆ పిల్లవాని పక్కన నేలమీద మౌనంగా కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు చాలా శనివారాలు పట్టింది.

మొదట్లో వాడు రాలేదు. నేను వాళ్ళ ఇంటికి వెళ్ళి, "ఆనాడు నీ బొమ్మ నేను సరిగ చూడలే. తప్పు నాది" అన్నాను. తరువాతి వారం వచ్చాడు. చాలా వారాలు నలుపే వేశాడు. నా భార్య నల్లరంగు మరి రెండు డబ్బాలు తెప్పించి పెట్టింది. ఒక శనివారం నలుపు మధ్యలో చేను కనబడింది, చేనులో ఒక మనిషి పడి ఉన్నాడు. "మా నాయిన. నేను పిలిస్తే లేవలే" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. నేను ఏమీ చెప్పలేదు.

ఊరిలో వాణ్ణి 'మందు తాగినోని కొడుకు' అని పిలిచేవారు. ఆ రోజు వెళ్ళబోతూ వెనక్కి వచ్చి, బొమ్మ మూలన తన పేరు రాసి, "ఎవ్వరికి చూపెట్టకుండ్రి అయ్యగారూ, దాచిపెట్టుండ్రి" అన్నాడు. అది మా రేకు పెట్టెలో ఉన్నది.

అంతా బాగైపోయిందని చెప్పను. మందు కొట్టే రోజుల్లో ఆ వాసన వస్తే ఇప్పటికీ నిద్ర పట్టదంటాడు. కాని ఇప్పుడు ఆ మాట చెబుతాడు, దాచుకోడు. సెలవులకు వచ్చినప్పుడు శనివారం చిన్నపిల్లల మధ్య కూర్చుని మట్టి పిసుకుతాడు.

చిన్నపిల్లలను తెచ్చినప్పుడు శిష్యులు గద్దించారు, ప్రభువు దగ్గరికి తీసుకున్నాడు. ఆ వేసవిలో నేను శిష్యుల పక్షాన ఉన్నాను. మీ ఊరిలోనూ మాట్లాడని పిల్లవాడు ఒకడు ఉండే ఉంటాడు. ఈ శనివారం వాని పక్కన కూర్చోండి. నల్లరంగు మాత్రం ఎక్కువగా తెప్పించి పెట్టుకోండి.

మీ ప్రార్థనలు కోరుచున్న,
మీ పాస్టరు