హెక్స్ 70 అంటే ఏంటన్నా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా కంప్యూటర్ బ్రాంచిలో చేరిన మన పిల్లల కోసం రాస్తున్నాం.

మా హాస్టల్లో నలుగురం డబ్బులేసుకుని ఒక పాత రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు కొన్నాం. ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా, నేరుగా దాని సీరియల్ పోర్టుతో మాట్లాడే చిన్న డ్రైవర్ రాయాలని. మాకు దొరికిన నోట్సులో లైన్ కంట్రోల్ రిజిస్టర్ దగ్గర "హెక్స్ 70 రాయాలి" అని ఒక్క ముక్కే ఉంది. ఎందుకని అడిగితే "అదంతే, రాసుకోండి" అన్నారు. రాసుకున్నాం, పనిచేసింది. ఎందుకు పనిచేసిందో మాత్రం నలుగురిలో ఒక్కరికీ తెలీదు.

చాలా రోజులకు ఆ చిప్ మాన్యువల్ ఫోన్లో తెరిచి కూర్చున్నాం. ఆ పోర్టు ఆర్మ్ వాళ్ల పీఎల్011. ఆ రిజిస్టర్లో 5, 6 బిట్లు కలిసి ఒక ఫీల్డు, ఒక్కో అక్షరానికి ఎన్ని బిట్లో అది చెప్తుంది. అందులో 3 పెడితే 8 బిట్లు. 4వ బిట్ ఫిఫోని ఆన్ చేస్తుంది. 3ని ఐదు స్థానాలు ఎడమకి జరిపితే హెక్స్ 60, దానికి 4వ బిట్ తాలూకు హెక్స్ 10 కలిపితే 70. ఇంతే! ఐదు నిమిషాల లెక్క మాకు నెల రోజులు దాగుంది.

అందుకే మా అభిప్రాయం గట్టిగానే చెప్తున్నాం. డ్రైవర్ కోడ్‌లో ఉత్త అంకె వదిలేసి పోవడం గొప్పతనం కాదు. "హెక్స్ చూసి అర్థం చేసుకోలేనివాడు డ్రైవర్లు రాయకూడదు" అనే సీనియర్లున్నారు. ఇంట్లో ఇంజినీరున్నవాడు రాత్రి పదింటికైనా ఫోన్ చేసి అడుగుతాడు. మేం ఏం చదువుతున్నామో గూడెంలో అమ్మకి చెప్పడమే మాకు కష్టం. మేం అడగాలంటే ఆ కోడ్‌నే అడగాలి.

లినక్స్ కెర్నల్లో దీనికి పద్ధతి ఉంది. జెన్‌మాస్క్(6, 5) అంటే ఆరో బిట్ నుంచి ఐదో బిట్ దాకా మాస్క్. ఫీల్డ్_ప్రెప్ విలువని ఆ చోటికి జరుపుతుంది, ఫీల్డ్_గెట్ బయటికి తీస్తుంది. ఎన్ని స్థానాలు జరపాలో విడిగా రాయక్కర్లేదు, మాస్కే చెప్తుంది. రెండు బిట్ల ఫీల్డులో పొరపాటున 4 రాస్తే కంపైల్ దగ్గరే ఆగుతుంది. కాకపోతే విలువ రన్‌టైంలో వచ్చేదైతే చప్పుడు లేకుండా కత్తిరించేస్తుంది, అది మనమే చూసుకోవాలి. లినక్స్ లేకపోయినా ఇలాంటి మాక్రోలు మనమే నాలుగైదు లైన్లలో రాసుకోవచ్చు. పేర్లు మాత్రం మాన్యువల్లో ఉన్నవే పెట్టండి. అక్కడ "డబ్ల్యూలెన్" అని ఉంటే ఇక్కడా అదే. అప్పుడే ఫోన్లో వెతికితే దొరుకుతుంది.

"సీలో స్ట్రక్ట్ బిట్‌ఫీల్డులు ఉన్నాయిగా?" అంటారు. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, మేమూ వాటితోనే మొదలెట్టాం. కానీ ఏ బిట్ ముందు, ఏది వెనక అన్నది సీ స్టాండర్డ్ తేల్చదు, కంపైలర్‌కి వదిలేస్తుంది. మమ్మల్ని ముంచింది ఇంకోటి. డేటా రిజిస్టర్లో కింది 8 బిట్లు అక్షరం, 8 నుంచి 11 దాకా ఎర్రర్ బిట్లు. దాన్ని ఒకసారి చదివితే ఫిఫోలోంచి ఒక అక్షరం బయటికొచ్చేస్తుంది. మేం వోలటైల్ స్ట్రక్ట్‌లోంచి ముందు అక్షరం, తర్వాత ఎర్రర్ బిట్ చదివాం. మాకది ఒకే రిజిస్టర్, కంపైలర్‌కి రెండు చదువులు. మెల్లగా టైప్ చేస్తే బానే ఉంది. పెద్ద లైన్ పేస్ట్ చేస్తే అక్షరం విడిచి అక్షరం మాయం! వైరు లూజనుకుని మూడు రాత్రులు వైర్లు మార్చాం, నవ్వకండి. చివరికి రిజిస్టర్‌ని ఒక్కసారే వేరియబుల్‌లోకి చదివి, అందులోంచి ముక్కలు తీస్తే సరిపోయింది.

ఇప్పుడు ఆ ఫైల్ మొత్తం పేర్లతో తిరగరాశాం. హెక్స్ 70 ఉన్న పాత ఫైల్ కూడా పక్కనే ఉంచాం, రెండూ పోల్చి చూడండి. వచ్చే ఆదివారం టిఫిన్ అయ్యాక స్టడీ హాల్లో కూర్చుంటాం, ఫస్టియర్ వాళ్లు కూడా రండి. బోర్డు ఒక్కటే, వంతులేసుకుందాం.