మూత క్రింది మనుష్యుడు

సర్వప్రాణులయందును దయ గలిగియుండవలెనని నేర్పని మతము మన దేశమున లేదు. చీమలపుట్ట కడ చక్కెర చల్లువారును, పిచ్చుకలకై వరికంకులు వ్రేలాడగట్టువారును మన వీథులలో నున్నారు. ఆ వీథులలోనే మురుగుకాలువ పూడినపుడు మ్యాన్‌హోలు మూత యెత్తి, నడుమునకు త్రాడు గట్టి, ఒక మనుష్యుని లోనికి దింపుచున్నారు. మనము ముక్కు మూసికొని ప్రక్కగా బోవుచున్నాము. ఇదియేనా మన భూతదయ?

ఆ గోతిలో నున్నది బురద మాత్రమే కాదు. కుళ్లిన మలినమునుండి హైడ్రోజన్ సల్ఫైడను విషవాయువు పుట్టును. అది కొంచెముగా నున్నపుడు దుర్గంధము గొట్టును. మిక్కుటమైనపుడు ఘ్రాణశక్తినే చంపివేయును. వాసన లేదని నమ్మి దిగినవాడు పలుకకయే కూలును. వానిని పైకి దీయబోయిన రెండవవాడును అట్లే కూలును.

2015వ సంవత్సరము నవంబరు 26వ తేదీన కేరళములోని కోళిక్కోడు నగరమున ఇట్లే జరిగెను. పొట్టకూటికై ఆంధ్రదేశమునుండి పోయిన యిద్దరు కూలీలు గోతిలో చిక్కుకొనిరి. సమీపముననున్న ఆటో నడుపువాడొకడు వారిని రక్షింప దిగెను. ముగ్గురును మరణించిరి. ఆ మలయాళీ వీరి భాష యేదని చూడలేదు, కులమేదని చూడలేదు, మతమేదని చూడలేదు. మనుష్యుడు చచ్చుచున్నాడని మాత్రమే చూచెను. ప్రతి మానవప్రాణమును రక్షణీయమేయను ధర్మమును వేదికలపై నుపన్యసించు మనకంటె నాతడే చక్కగా నెరిగినవాడు.

“వారు ఇష్టపడియే దిగుచున్నారు, కూలి పుచ్చుకొనుచున్నారు గదా” యని కొందరందురు. అయ్యలారా, ఆ కూలికి మీ కుమారుని దింపుదురా? ఆకలి త్రోసినదానిని ఇష్టమనుట న్యాయమా? అంటరానివారని మనము వెలివేసిన కులములవారికే తరతరములుగా ఈ యిష్టము పుట్టుచుండుటలోని రహస్యమేమి? “మరి కాలువ నెవరు బాగుచేయుదు”రని యింకొక ప్రశ్న. యంత్రములు చేయును. ఇరుకు సందులలోనికి బోగల చిన్న యంత్రశకటములు హైదరాబాదున 2017లోనే వచ్చినవి. 2018లో తిరువనంతపురమున మనుష్యునికి బదులు యంత్రమే గోతిలోనికి దిగినది. కొరవడినది యంత్రము కాదు, మనస్సు.

చట్టము లేదా? 1993లో నొకటి, 2013లో నొకటి పుట్టినవి. తగిన రక్షణసాధనములు లేక మనుష్యుని మురుగులో దింపినవారికి రెండేండ్లవరకు చెర విధింపవచ్చునని రెండవ చట్టము చెప్పుచున్నది. దింపిన గుత్తదారు చెరకు బోయినాడను వార్తను మీలో నెందరు చదివిరి? మృతుని కుటుంబమునకు 10 లక్షల రూపాయలీయవలెనని సుప్రీముకోర్టు 2014లో తీర్పు చెప్పెను; 2023లో దానిని 30 లక్షలు చేసెను. మంచిదే. కాని పరిహారము చచ్చిన పిమ్మట వచ్చునది; రక్షణము బ్రదికియుండగా రావలసినది.

చదువరులారా! రేపు మీ యింటి సెప్టిక్ ట్యాంకు నిండును. అపుడు యంత్రమును బిలువుడు. అది వచ్చుట యాలస్యమైనచో ట్యాంకు పొంగనిండు, ఇల్లు కంపుకొట్టనిండు. మనుష్యుని మాత్రము దింపకుడు. ధర్మపన్నములు వల్లించుట కది చాలకున్నను, ఒక ప్రాణము నిలుచుటకు చాలును.