కొలువు కాగితం పట్టుకొని రైలెక్కినోడి కథ: 'డెడ్ మ్యాన్' సినిమా మీద మా రూమోళ్ల మాట



ఎప్పుడూ జీతాలు, వీసాలు, క్షమాభిక్ష గురించే రాస్తున్నం. ఈసారి ఒక సినిమా గురించి రాయాలని మా రూమోళ్లందరం అనుకున్నం. పోస్టు పొడుగైతది, డ్యూటీ అయినంక తీరిగ్గా చదవండి.

మా రూముల ఎనిమిది మందిమి. ఇద్దరు జగిత్యాల దిక్కు, ముగ్గురు నిజామాబాద్, ఇద్దరు సిరిసిల్ల, ఒక తమ్ముడు కడప. కడప తమ్ముడు డిగ్రీ చదివినోడు, ఇంగ్లిష్ వస్తది. పోయిన సెలవు రోజు ఆయన ల్యాప్‌టాప్‌ల 'డెడ్ మ్యాన్' అనే కౌబాయ్ సినిమా పెట్టిండు. అర్థం కాని కాడ ఆపి తెలుగుల చెప్పిండు. గంటసేపట్లో ముగ్గురు నిద్రపోయిన్రు. నిజామాబాద్ అన్న ఒకాయన "ఇదేం సినిమా రా, రంగుల్లేవు, పాటల్లేవు, హీరో సావబోతున్నడని మొదట్నుంచే తెలుస్తున్నది" అని బయటికి పోయిండు. మిగిలిన నలుగురం చివరిదాకా చూసినం. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లారి నిద్రపోయినోళ్లకు కథ చెప్తే వాళ్లు కూడా మళ్లీ పెట్టమన్నరు.

కౌబాయ్ సినిమా అంటే మనకు కొత్త కాదు. 1971ల కృష్ణ గారి 'మోసగాళ్లకు మోసగాడు' గురించి మన నాయినలు ఇప్పటికీ చెప్తరు. గుర్రం, టోపీ, తుపాకీ, నిధి, చివరికి హీరో గెలుపు. మేము కూడా అదే లెక్కల కూర్చున్నం. కానీ ఇది ఆ లెక్కకు పూర్తిగా ఉల్టా.

దీన్ని తీసింది జిమ్ జార్ముష్ అనే అమెరికా దర్శకుడు. 1995ల కేన్స్ ఉత్సవంలో మొదట చూపించారు. హీరో జానీ డెప్. అంతా నలుపు తెలుపే, కెమెరా పట్టింది రాబీ ముల్లర్. సంగీతం నీల్ యంగ్ అనే పాటగాడిది. ఆయన సినిమా చూస్తూ అప్పటికప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ వాయించుకుంటూ పోయిండట. అప్పట్లో సినిమా ఆడలేదు. సుమారు 90 లక్షల డాలర్లు పెట్టి తీస్తే అమెరికాలో 10 లక్షల దాకా మాత్రమే వచ్చినయి. పేరున్న విమర్శకుడు రోజర్ ఈబర్ట్ కూడా బాగాలేదన్నడు. జోనాథన్ రోజెన్‌బామ్ అనే ఇంకో విమర్శకుడు మాత్రం దీని మీద ఏకంగా ఒక పుస్తకమే రాసిండు. అంటే మా రూముల జరిగిన కొట్లాటే అక్కడ కూడా జరిగిందన్నమాట.

ఇప్పుడు కథకు వస్తం. విలియం బ్లేక్ అనే యువకుడు క్లీవ్‌లాండ్ నుంచి రైలెక్కుతాడు. లెక్కలు రాసేటోడు. అమ్మానాన్న చనిపోయారు, పెళ్లి చేసుకుంటానన్న పిల్ల మనసు మార్చుకున్నది. చేతిలో ఉన్నదంతా ఖర్చు పెట్టుకొని బయలుదేరాడు. జేబులో ఒక ఉత్తరం ఉంది. మెషీన్ అనే ఊళ్లో, డికిన్‌సన్ అనే ఆసామి ఇనుప ఫ్యాక్టరీలో కొలువు ఇస్తామని ఆ ఉత్తరం.

రైలు పోతూనే ఉంటది. ఎక్కినోళ్లు దిగుతుంటరు, కొత్తోళ్లు ఎక్కుతుంటరు, బట్టలు మారుతుంటయి, మొహాలు గట్టిపడుతుంటయి. బ్లేక్ మాత్రం గళ్ల సూటు వేసుకొని పెట్టె ఒళ్లో పెట్టుకొని కూర్చుంటాడు. ఇంజన్ దగ్గర బొగ్గు వేసేటోడు మసి మొహంతో వచ్చి ఎదురుగా కూర్చుంటడు. ఆ కాగితంలో ఏం రాసి ఉన్నా నేనైతే నమ్మను అన్నట్టు మాట్లాడతడు. అంతలోనే ప్రయాణికులంతా కిటికీల నుంచి తుపాకులు పెట్టి అడవి దున్నలను కాలుస్తరు. తినడానికి కాదు, ఊరికే. ఇది కల్పన కాదు. కోట్లల్ల ఉన్న ఆ దున్నలు 1880ల చివరికి వందల్లోకి పడిపోయినయి. వాటి మీద బతికే ఆ నేల మనుషుల కడుపు కొట్టడానికి అదొక దారి అయింది.

ఫ్యాక్టరీకి పోతే ఏమైతది? ఆఫీసోడు కాగితం చూసి, నెల ఆలస్యంగా వచ్చినవు, ఆ కొలువులో వేరేటోడు చేరిండు అంటడు. అందరూ నవ్వుతరు. దొరతోనే మాట్లాడతా అని లోపలికి పోతే దొర తుపాకీ గురిపెట్టి బయటికి పొమ్మంటడు. ఆ దొర వేషం వేసింది పాతకాలపు పెద్ద నటుడు రాబర్ట్ మిచమ్. 1997ల చనిపోయిండు.

ఈ సీను దగ్గర మా రూముల ఎవ్వరం మాట్లాడలేదు.

ఎందుకంటే మాలో ఒకాయన కాగితం మీద 'స్టోర్ కీపర్' అని ఉండె. ఊళ్ల ఎకరం భూమి కుదువ పెట్టి వచ్చిండు. ఇక్కడ దిగినంక "ఆ పోస్టు నిండిపోయింది, షట్టరింగ్ పని ఉంది, చేస్తే చెయ్యి, లేకుంటే టికెట్ పైసలు కట్టి పో" అన్నరు. ఏజెంటుకు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆ రోజు ఆఫీసుల కూడా ఇద్దరు ముగ్గురు నవ్విన్రు. ఆ నవ్వు ఇన్నేండ్లయినా చెవులల్ల ఉన్నదని ఆయన అప్పుడు చెప్పిండు. పదేండ్లు ఒక్క రూముల పడుకుంటున్నం, అప్పటిదాకా మాకు తెల్వదు.

బ్లేక్ ఆ రాత్రి కాగితం పూలు అమ్మే ఒక పిల్ల గదిలో ఉంటాడు. ఆమె పాత ప్రియుడు వచ్చి కాలుస్తడు. ఆ గుండు ఆమెను చంపి, ఆమె ఒంట్లోంచి వచ్చి బ్లేక్ ఛాతీలో దిగబడతది. బ్లేక్ తిరిగి కాలిస్తే వాడు చస్తడు. వాడు దొర కొడుకు. దొర ముగ్గురు కిరాయి హంతకులను పంపుతడు. పోయిన కొడుకు కంటే పోయిన గుర్రం గురించే ఆయనకు ఎక్కువ బాధ ఉన్నట్టు కనిపిస్తది. ఇక్కడ మేము నవ్వినం. పరంజా మీది నుంచి మనిషి పడితే ముందు మిషన్ ఏమైందో అడిగేటోళ్లను మేము చూడలేదా?

ఇంతవరకు ఇది మన కథ లెక్కనే ఉన్నది. కానీ అసలు సినిమా ఇక్కడ మొదలైతది.

అడవిలో పడి ఉన్న బ్లేక్‌ను ఒక ఆదివాసీ లేపుతడు. కత్తితో గుండు తీయబోతడు. గుండెకు బాగా దగ్గరుంది, తీస్తే చస్తవు అంటడు. అతని పేరు నోబడీ. అంటే 'ఎవరూ కానోడు'. ఈ వేషం వేసిన గ్యారీ ఫార్మర్ కూడా కెనడా ఆదివాసీయే, కయూగా జాతి. ఎవడో తెల్వనోడిని, చావు ఖాయమైనోడిని, ఈ మనిషి ఎందుకు వెంటబెట్టుకుంటడు? పేరు విని. విలియం బ్లేక్ అంటే ఇంగ్లండుల పాతకాలపు కవి, 1827ల పోయిండు. ఆ కవి ఆత్మే మళ్లీ తిరుగుతున్నదని నోబడీ నమ్మకం. ఈ బ్లేక్‌కేమో కవిత్వం గురించి ఏమీ తెల్వదు.

ఆ కవి పేరు నోబడీకి ఎట్ల తెలిసింది? చిన్నప్పుడు తెల్లసిపాయిలు ఎత్తుకపోయి, పంజరంలో పెట్టి ఊరూరా చూపించి, ఓడెక్కించి ఇంగ్లండు తీసుకపోయారు. అక్కడ బడికి పోయిండు, ఆ కవిత్వం చదివిండు. తప్పించుకొని ఇంటికొచ్చి చూసింది చెప్తే సొంత మనుషులే నమ్మలేదు. గట్టిగా మాట్లాడేటోడు, మాటల్ల ఏమీ ఉండదు అని పేరు పెట్టిన్రు. అందుకే నన్ను నోబడీ అనుండ్రి అంటడు.

అన్నలూ, మేము మొదట బ్లేక్‌లో మమ్మల్ని చూసుకున్నం. రెండోసారి చూసినప్పుడు తెలిసింది, సముద్రం దాటి పోయి తిరిగొచ్చి ఎటూ కాకుండా అయినోడు బ్లేక్ కాదు, నోబడీ. మనం సెలవుకు ఊరికి పోయినప్పుడు ఏమైతది? యాభై డిగ్రీల ఎండల పని చేసినమంటే "ఎందుకు, ఏసీలుంటయి కదా" అంటరు. పైసల్లేవంటే "అబద్ధాలాడుతున్నడు" అంటరు. ఇక్కడ మనం ఒక నంబరు, అక్కడ మనం ఒక ఏటీఎం. రెండు దిక్కుల మన మాట నమ్మేటోళ్లు లేరు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలె. ఇది మన కథ అని ఎగబడి లాక్కోవద్దు. ఆ సినిమా బాధ అమెరికా ఆదివాసీలది. మన భూమి కుదువల ఉంది, వాళ్ల భూమి మొత్తమే పోయింది. అడవుల కాలిపోయిన వాళ్ల ఊళ్లు దారి పొడుగునా కనిపిస్తయి. దుకాణం నడిపే పాదిరి నోబడీకి పొగాకు అమ్మనంటడు, బ్లేక్‌ను చూస్తే మాత్రం మారుమాటే. వాళ్ల భాషల్ల మాట్లాడుకునే కాడ దర్శకుడు కింద ఇంగ్లిష్ అనువాదం వేయలేదు. అక్కడ మా కడప తమ్ముడు కూడా చేతులెత్తేసిండు. మాకు అది మస్తు నచ్చింది. ఎప్పుడూ అరబ్బీ, ఇంగ్లిష్ అర్థం కాక మొహాలు చూసేది మనమే కదా. ఇక్కడ ఇంగ్లిష్ వచ్చినోడు కూడా మనతో సమానంగా కూర్చొని చూడాలె.

ఇంత దుమ్ము, ఇంత నెత్తురు ఉన్న సినిమాల దేవుడి సంగతి ఏముంది అని అడగొచ్చు. గుడి లేదు, ప్రార్థన లేదు. కానీ సినిమా మొత్తం ఒక్క పని మీద నడుస్తది: చావబోయే మనిషిని మంచిగా సాగనంపుడు. బ్లేక్ భయం మెల్లగా తగ్గుతది. ఒక కాడ చచ్చిపడి ఉన్న జింకపిల్ల కనిపిస్తది. దాని నెత్తుటిని తన నెత్తుటిని వేలితో కలిపి మొహానికి పూసుకొని, దాని పక్కనే పడుకుంటడు. ఒక్క మాట లేదు. రంగుల్ల ఉంటే అది నెత్తురు సీను అయ్యేది. నలుపు తెలుపుల ఉండేసరికి పూజ లెక్క అనిపించింది.

చివరికి నోబడీ అతన్ని నది మీదుగా సముద్రం ఒడ్డున మకా జాతి ఊరికి తీసుకపోతడు. అక్కడోళ్లను అడిగి పడవ సంపాదిస్తడు. మంచి బట్టలు కట్టి, కొమ్మలు పరిచి పడుకోబెట్టి, నీళ్లల్లకు తోస్తడు. సినిమా మొత్తం నోబడీ పొగాకు అడుగుడు, బ్లేక్ నాకు అలవాటు లేదనుడు నడుస్తది. చివరికి నోబడీ పడవల పొగాకు పెడితే, అప్పుడు కూడా బ్లేక్ అదే మాట అంటడు. మాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

ఇప్పుడు మేము ఎందుకు రాస్తున్నమో చెప్తం. రెండేండ్ల కింద మా పక్క రూముల ఒక అన్న నిద్రల్నే పోయిండు. అంతకు రెండు దినాల ముందు ఛాతీల మంట అన్నడు. గ్యాస్ అయ్యుంటది, గోలీ ఏసుకో అన్నది మేమే. లీవు పెడితే జీతం కోత, అందుకే డ్యూటీకి పోయిండు. పోయినంక పోలీసు కాగితం, డాక్టరు సర్టిఫికెట్, కాన్సులేట్ కాగితం, విమానం కార్గో బుకింగ్. పదకొండు దినాలు ఫ్రీజర్ల ఉండి, తూకం వేసిన పెట్టెల శంషాబాద్ పోయిండు. మేము చందా వేసినం, వాట్సాప్‌ల ఫొటో పెట్టి దండం బొమ్మ పెట్టినం. అంతే. డ్యూటీ ఉండె, ఎయిర్‌పోర్టుకు ఒక్కడు కూడా పోలేకపోయినం.

నోబడీ అనేటోడు అయినోడు కాదు, ఒక కులపోడు కాదు, ఒక దేశపోడు కాదు. మధ్యల ఒకసారి వదిలేసి కూడా పోతడు. కానీ మళ్లీ కలిసినప్పుడు చివరిదాకా ఉంటడు. బ్లేక్‌ను బతికించలేకపోయిండు. ఒంటరిగా మాత్రం పోనియ్యలేదు. మేము ఆ అన్నను బతికించగలిగేటోళ్లమో లేదో తెల్వదు. కానీ ఆ రెండు దినాలు ఆయన పక్కన కూర్చొని ఉండాల్సింది, దవాఖానకు తోలుకపోవాల్సింది. ఆ మాట మా రూముల పైకి రావడానికి ఈ సినిమా పట్టింది. అందుకే మాకిది పెద్ద సినిమా.

నిజామాబాద్ అన్న అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలె. పన్నెండు గంటలు కష్టపడి వచ్చినంక ఇసుంటి బరువు సినిమా ఎందుకు, కామెడీ పెట్టుకుంటే అయిపాయె కదా అన్నడు. తప్పేం లేదు, మేము కూడా రోజూ కామెడీ సీన్లే చూస్తం. కానీ మరిపించే సినిమాతో నిద్ర పడతది, అంతే. పెట్టెల ఉన్న బరువును ఒకసారి దించి చూపించే సినిమా కూడా ఏడాదికొకటి కావాలె. మెల్లగా పోతది అంటరు. నిజమే. చావు ఎట్లయినా తొందరగానే వస్తది, ఆ దారి అయినా మెల్లగా నడిపించిన్రు.

ముందే చెప్తున్నం: నెత్తురు, బూతులు ఉన్నయి. హంతకుల్ల ఒకడు తోటోడిని చంపి తినేటోడు. వీడియో కాల్‌ల పిల్లలున్నప్పుడు పెట్టకండి. రెండు గంటల సినిమా, ఇంగ్లిష్ వచ్చిన తమ్ముడొకరు పక్కనుంటే మంచిది. మొదటి ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి.

మా రూముల ఇప్పుడు ఒక రూలు పెట్టుకున్నం. ఎవరికన్నా ఒంట్లో బాగాలేదంటే ఒకరు డ్యూటీ బంద్ పెట్టి పక్కన ఉండాలె, ఆ దినం కూలి మిగతా ఏడుగురం పంచుకుంటం. తలుపు వెనక అందరి ఇంటి నంబర్లు, పాస్‌పోర్టు కాపీలు పెట్టినం. మొన్న సిరిసిల్ల తమ్ముడికి జ్వరమొస్తే మొదటిసారి అమలు చేసినం. పక్కన కూర్చున్నది ఎవరో తెలుసా? సినిమా మధ్యల లేచిపోయిన నిజామాబాద్ అన్ననే.

మీ రూములల్ల కూడా ఇట్ల చేస్తున్నరా? సినిమా చూసినోళ్లు ఎట్లున్నదో రాయండి, నచ్చకపోతే అది కూడా రాయండి. అందరూ పైలం.